అరవై ఒక్క బంగారాలు, ఒక్క బిందె

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. కొరియర్ కుర్రాడు గంటస్తంభం దగ్గర నిలబడి ఫోను చేస్తే నేనే వెళ్లి తెచ్చుకున్నాను. కోలారు బంగారు గనుల ఊళ్ల మీద 24 పేజీలు. నాలుగు రోజులు అక్కడ తిరిగి వచ్చి ఇంత రాశావంటే ముందు నీ ఓపికకు దండం పెట్టాలి. మొదటిసారి పడక కుర్చీలో చదివాను. రెండోసారి ఎర్ర పెన్సిలు పట్టుకుని, కొంచెం చాదస్తంగా, ‘బంగారం’ అన్న మాట కనపడిన చోటల్లా సున్నా చుట్టుకుంటూ పోయాను. 61 తేలాయి. బంగారు కలలు, బంగారు గతం, బంగారు చెమట, చివరికి ‘బంగారు సూర్యోదయం’ కూడా. ‘నీళ్లు’ అన్న మాట మాత్రం ఒక్క పేజీలో ఉంది, 17వ పేజీలో. దాని సంగతి తరువాత చెబుతాను.

నిన్ను వెక్కిరించడం లేదమ్మా. నేను నీకంటే ఘనకార్యమే చేశాను. పాతికేళ్ల వయసులో, కోలారు మొహం చూడకుండా, అక్కడి గని కార్మికుడి మీద కథ రాశాను. అందులో కథానాయకుడు పని ముగించుకుని పైకి వస్తుంటే ఒంటినిండా బంగారు రజను మెరుస్తూ ఉంటుంది. ఆ రోజుల్లో మా వీధిలో ఉండే రైల్వే ఉద్యోగి మామగారు అల్లుడింటికి వచ్చారు. ఛాంపియన్ రీఫ్ గనిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. నేను మహా ఉత్సాహంగా వెళ్లి కథ చదివి వినిపించాను. ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి అన్నారు: “బాబూ, ముప్పై ఏళ్లు దిగాను. నేను చూసింది తెల్లరాయి. బంగారం చూడాలంటే మా ఆవిడ మెడకేసి చూడాలి. అదీ తాకట్టులో లేనప్పుడు.”

ఆ తరువాత ఆయన చెప్పుకుపోయారు, నేను నోరు మూసుకుని విన్నాను. ఒక కేజ్‌లో, అంటే మనుషులను గనిలోకి దింపే ఇనప పంజరంలో, దిగి, సొరంగంలో నడిచి, ఇంకో కేజ్ ఎక్కి మళ్లీ దిగాలట. దిగుతుంటే చెవులు దిబ్బడ వేస్తాయట. ఆ గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది. అడుగున రాయి వేడి 60 డిగ్రీలకు పైమాటే. అందుకే పైనుంచి చల్లగాలిని యంత్రాలతో లోపలికి తోసేవారు. అప్పుడప్పుడు లోపలి బరువుకు బండ ఉన్నట్టుండి పేలిపోయేది. ఆ అదురు పైన ఇళ్లలోకి కూడా తెలిసేదట. అటకమీద గిన్నెలు గలగలమంటే ఆడవాళ్లు పొయ్యి మీద ఉన్నది అలాగే వదిలేసి గని నోటి దగ్గరికి పరుగెత్తేవారని చెప్పి ఆయన కాసేపు ఆగారు. అసలు కథ ఆ గిన్నెల దగ్గర ఉందని నాకు అప్పటికప్పుడు తోచలేదు. తోచేసరికి ఆయన లేరు.

నీ వ్యాసంలోకి వద్దాం. మూడో పేజీలో ‘1880లో జాన్ టేలర్ కంపెనీ దొరలు ఇక్కడ బంగారాన్ని కనుగొన్నారు’ అని రాశావు. ‘కనుగొన్నారు’ మీద ఎర్ర గీత గీశాను. 1802లో వారెన్ అనే సైనికాధికారి ఆ ప్రాంతానికి వచ్చేసరికే మారికుప్పం వాళ్లు మట్టి కడిగి బంగారం తీస్తున్నారు. ఆయన వాళ్లను చూసి నివేదిక రాశాడు. టేలర్ కంపెనీకి కూడా మొదటి మూడు నాలుగేళ్లు చిల్లిగవ్వ రాలలేదు. వాటాదారులు ఇక మూసేద్దామనే దాకా వచ్చారు. అప్పుడు ప్లమ్మర్ అనే గని నిపుణుడు ఎప్పటివో పాత గోతుల్లోనే ఇంకా కిందికి తవ్వించాడు. రాతిలోని అసలు బంగారు సిర అక్కడ తగిలింది. ఆ గోతులు తవ్వినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. పేర్లు తెలియవని వాళ్లను వాక్యంలోంచి తోసెయ్యకూడదు కదా. క్రియాపదం మార్చు, పేరా దానంతటదే మారుతుంది.

ఊళ్ల పేర్లను నువ్వు అసలు పట్టించుకోలేదు. నా మటుకు నాకు అక్కడ పెద్ద నిధి అదే. రాబర్ట్‌సన్‌పేట మైసూరు రెసిడెంటుగా, అంటే సంస్థానంలో బ్రిటిష్ ప్రతినిధిగా, ఉన్న దొర పేరు. బంగారుపేటకు ఒకప్పటి పేరు బౌరింగ్‌పేట, అది మైసూరు కమిషనర్ పేరు. దొర పోయాడు, బంగారం వచ్చి కూర్చుంది. ఆ పక్కనే మారికుప్పం, ఊరిగాం. ఇవి దొరలకంటే ముందునుంచీ ఉన్న పల్లెలు. బంగారుపేట నుంచి మారికుప్పం దాకా ఉన్న 16 కిలోమీటర్ల రైలు కొమ్మ మీద స్టేషన్ బోర్డులు వరసగా చదువుకుంటూ పోతే చాలు, ఎవరిమీద ఎవరు వచ్చి పడ్డారో తెలిసిపోతుంది. నువ్వు ఆ బండి ఎక్కావు. కిటికీలోంచి సూర్యోదయం చూశావు. బోర్డు చూడలేదు.

‘మినీ ఇంగ్లండు’ అన్న మాట నాలుగుసార్లు వాడావు. క్లబ్బు, గోల్ఫ్ మైదానం, ఎర్ర పెంకుల బంగళాలు, అన్నీ నిజమే. అయితే ఆ బంగళాలకు ఎంత దూరంలో కూలీల లైన్లు ఉన్నాయో అడుగులు లెక్కపెట్టావా? వెదురు తడికెల గుడిసెలు వరసల్లో వేసి, అందులో ఉంచేవారు. కూలీలు ఎక్కువగా ఉత్తర ఆర్కాటు, సేలం వైపు తమిళ దళితులు. ఉత్తర ఆర్కాటు అంటే 1911 దాకా మన చిత్తూరు కూడా అందులోదే, కాబట్టి తెలుగువాళ్లూ ఉన్నారు. గనిపని పర్యవేక్షణకు ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్లు, కాపలాకు పంజాబీలు. ఎవరు ఏ వీధిలో, ఎవరు ఎవరికి జేబులు తడిమి చూపించాలి, ఇదంతా కంపెనీ గీసిన గీత. 1930లో వేలిముద్రలు వేయించుకుని నమోదు చేస్తామంటే కార్మికులు సమ్మె కట్టారు. ఈ సంగతి నీ వ్యాసంలో బ్రాకెట్లో ఉంది. బ్రాకెట్లోంచి బయటికి తెచ్చి దానికో రెండు పేజీలు ఇవ్వు. గోల్ఫ్ మైదానానికి రెండు వాక్యాలు చాలు.

కరెంటు గురించి నువ్వు రాసింది బాగుంది. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు కరెంటు ఇచ్చారు. బెంగళూరు వీధి దీపాలకు 1905 దాకా ఆగవలసి వచ్చింది. గనికి ముందు, నగరానికి తరువాత. ఆ ఊరు ఎవరి కోసం పుట్టిందో ఈ మూడేళ్ల తేడా చెబుతుంది. కానీ నువ్వు అక్కడ ఆశ్చర్యార్థకం పెట్టి ఊరుకున్నావు. ఆ కరెంటుతో ముందుగా తిరిగింది గని యంత్రాలు. తడికె గుడిసెలో బల్బు ఏ సంవత్సరం వెలిగింది? ఈ ప్రశ్న వేసుకుని మళ్లీ వెళ్లు. అక్కడి ముసలివాళ్లు చెబుతారు, మొదటి బల్బు వెలిగిన రోజు ఎవరూ మరిచిపోరు.

ఇంకో మాట, కాస్త మొట్టికాయ లాంటిది. నీ వ్యాసంలో కోలారు అవ్వ మాట్లాడిన తెలుగు అచ్చం చీపురుపల్లి అవ్వ తెలుగు. కోలారు జిల్లాలో తెలుగు ఇంటి భాషగా ఉన్నవాళ్లు కోకొల్లలు. అయితే ఆ తెలుగుకు అటు కన్నడం, ఇటు తమిళం తగులుతూ ఉంటాయి. నువ్వు విన్నది రాయలేదు, మీ అమ్మమ్మను గుర్తు తెచ్చుకుని రాశావు. ప్రేమతోనే చేశావు, ఒప్పుకుంటాను. అయినా అది అవ్వ నోటి మాట తీసేసి నీ మాట పెట్టడమే. యాస రాయడం చేతకాకపోతే మామూలు తెలుగులో రాయి, తప్పు లేదు.

గనులు మూతపడిన తీరును ‘విధి వక్రించింది’ అని తేల్చేశావు. విధికి ఏం పని? మొదట్లో టన్ను రాయికి 40 గ్రాములు దాటి బంగారం వచ్చేది, చివరి కాలానికి అది 3, 4 గ్రాములకు పడిపోయింది. లోతు పెరిగేకొద్దీ ఖర్చు పెరిగింది. 1956లో మైసూరు ప్రభుత్వం తీసుకుంది, 1962లో కేంద్రం తీసుకుంది, 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. ఈ లెక్క ముందు పెట్టి, ఆ తరువాత ఎంతయినా ఏడవవచ్చు. బంగారం తీసేశాక మిగిలిన పిండిమట్టి మూడు కోట్ల టన్నులకు పైగా అక్కడే గుట్టలుగా పడి ఉంది. సైనైడు దిబ్బలంటారు వాటిని. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. నువ్వు వాటి మీద నిలబడి ఫోటో తీసుకున్నావు. వాటి కింద వీధిలో బట్టలు ఏ వైపు ఆరవేస్తారో చూసి ఉంటే ఒక పేరా దొరికేది.

‘దెయ్యాల ఊరు’ అన్న శీర్షిక మాత్రం తీసెయ్యి, నా మాట విను. తెల్లవారకముందే మారికుప్పంలో బయలుదేరే బండి నిండా కార్మికుల పిల్లలూ మనవలూ బెంగళూరుకు పనికి పోతున్నారు, రాత్రికి తిరిగి వస్తున్నారు. దెయ్యాలు సీజన్ టికెట్ కొనుక్కోవు. విశాఖ వెళ్లే పాసింజరులో మనవాళ్లను చూసిన దానివి, నీకు ఆ బండి అర్థం కావాలి. మన తాతల తరం రంగూన్ వెళ్లి, అక్కడ ‘కోరంగీలు’ అనిపించుకుని, 1942లో అడవుల వెంట నడిచి వచ్చింది. వలస అన్న మాట నిఘంటువులో వెతుక్కోవలసిన జిల్లాలు కావు మనవి.

అన్నట్టు, నీది గరివిడి దగ్గర ఊరు. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892 ప్రాంతంలో మొదలైంది మీ చుట్టుపక్కలే. కోడూరు గనిలో దొరికిన రాయికి భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ ‘కోడురైట్’ అని పేరు పెట్టాడు. ఊరి పేరు రాయికి ఎక్కింది. గర్భాం, కోడూరు గోతులు చూశావా? ఆ నల్లరాయి తవ్విన చేతులు ఎలా ఉంటాయో మీ ఇంట్లో ఎవరినైనా అడిగావా? కోలారు మీద రాయవద్దని అనను. ముందు ఈ నల్లరాయి ఊళ్లో ఒక నెల తిరుగు. కూలి ఎప్పుడు ఇచ్చేవారు, తాగునీరు ఎక్కడిది, గనివాళ్లు ఏ సంతకు వెళ్లేవారు, ఆడవాళ్లు ఏ బరువు మోసేవారు, ఇవి రాసుకో. ఇక్కడ ఇవి అడగడం అలవాటైతే కోలారులో ఏం అడగాలో నేను చెప్పనక్కరలేదు.

చివరగా 17వ పేజీ. ఛాంపియన్ రీఫ్ దగ్గర ఒక లైను ఇంట్లో నువ్వు మంచినీళ్లు అడిగావు. ఇంటావిడ కుండలో గరిట ముంచి, ఆగి, సగమే పోసింది. ‘రేపు కుళాయి రాదమ్మా’ అంది. ఒకప్పుడు బేతమంగళం చెరువు నుంచి గొట్టాలు వేసి గనులకు నీళ్లు తెచ్చిన ఊరు అది. నువ్వు దాన్ని ఆరు వాక్యాల్లో రాసి, మళ్లీ బంగారు గతంలోకి పారిపోయావు. ఆ ఆరు వాక్యాల మీద నేను ఒక్క గీత కూడా గీయలేదు. తిరగరాసేటప్పుడు అక్కడినుంచి మొదలుపెట్టు.

వాకిట్లో బిందెలు వరసగా ఉన్నాయన్నావు. ఎన్నో రాయలేదు, ఇత్తడివో ప్లాస్టిక్‌వో రాయలేదు. ఆవిడ నెంబరు నీ దగ్గర ఉందన్నావు కదా, ఫోను చేసి కనుక్కో. నా పేరు చెప్పనక్కరలేదు గానీ, ఆ సగం గ్లాసు నీళ్లకు థాంక్స్ చెప్పడం మరిచిపోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు