అప్పీలు వాదించే పిల్లలకు ఏం నేర్పాలంటే

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. క్లాసులో పిల్లల చేత మూట్ కోర్టు, అంటే జడ్జీలు, లాయర్లు అన్నీ వాళ్లే అయి అప్పీలు వాదించే ఉత్తుత్తి కోర్టు, పెట్టించబోతున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. కోర్టుల్లో అప్పీళ్లు వాదించినవాణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

హత్య కేసులు వద్దమ్మా. సాక్షులు, ఏడుపులు, 'అబ్జెక్షన్' అనే కేకలతో పిల్లలు సినిమా కోర్టులోకి వెళ్లిపోతారు. అప్పీల్లో సాక్షులు రారు. కింది కోర్టు ఎక్కడ పొరబడిందో చూపించాలి. ఇది తలకెక్కితే సగం పని అయిపోయినట్టే.

బిజో ఇమ్మాన్యుయేల్ కేసు తీసుకో. 1985 జూలైలో కేరళలో ఒక బడి నుంచి ముగ్గురు తోబుట్టువులను తీసేశారు. పదో తరగతి, తొమ్మిది, అయిదు చదువుతున్నారు. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖవాళ్లు. జనగణమన వేళ మర్యాదగా లేచి నిలబడేవారు గానీ పాడేవారు కాదు. తిరిగి చేర్చుకోవాలని హైకోర్టుకు వెళితే ఒక్కరే విన్న సింగిల్ జడ్జి కాదన్నారు, ఆపైన ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచీ కూడా కాదంది. సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇంతవరకే, రాజ్యాంగంలోని 19 (మాట స్వేచ్ఛ), 25 (మత స్వేచ్ఛ), 51ఎ (పౌరుల విధులు) అధికరణలతో కలిపి ఒక్క కాగితం మీద రాసివ్వు. తీర్పు మాత్రం చెప్పకు.

అసలు బెంచిలో ఇద్దరే ఉన్నా, నువ్వు ముగ్గురిని కూర్చోబెట్టు, తీర్పు తేలుతుంది. ఎక్కువ తర్ఫీదు ఆ ముగ్గురికే ఇవ్వు. జడ్జీలు నోరు విప్పకపోతే అది వక్తృత్వ పోటీ అయిపోతుంది. 'పాటలో ఏ మాట మీ మతానికి అడ్డం?' అని ఆ తోబుట్టువుల తరఫున వాదించే పిల్లను మధ్యలో ఆపి అడగమను. సిద్ధంగా లేని పిల్ల పాటకు అర్థం చెప్పడం మొదలుపెడుతుంది. హైకోర్టు పోయిందీ ఆ దారినే. 'మాటలతో మాకు పేచీ లేదండీ. ఏ దేశపు గీతమూ పాడకూడదన్నది మా నమ్మకం. అది నిజమైన నమ్మకమేనా అన్నదే చూడండి' అనగలగాలి. ముందు సూటిగా జవాబు, ఆ తర్వాతే వివరణ.

ప్రభుత్వం తరఫు పిల్లలకు 51ఎ అండ ఉంది. జాతీయ గీతాన్ని గౌరవించడం పౌరుడి విధి. కానీ 'పాడి తీరాలని ఏ చట్టంలో ఉంది? విద్యాశాఖ పంపిన సర్క్యులర్ చట్టమవుతుందా?' అంటే చెమటలు పడతాయి. వాళ్లను విడిగా కూర్చోబెట్టి బాగా నలగ్గొట్టు. ఎవరు ఏ పక్షమో చీటీలు వేసి తేల్చు. ఎవరి మతాన్నీ ఎవరూ తక్కువ చేసి మాట్లాడకూడదని మొదటిరోజే గట్టిగా చెప్పు.

రాసుకొచ్చింది చదవనివ్వకు, టెన్షన్ పడ్డా సరే. చేతిలో నాలుగు ముక్కలున్న కాగితం చాలు.

జడ్జీలు కారణాలతో తీర్పు రాయాలి. ఒకరు ఒప్పుకోకపోతే వాళ్ల మాటా చదివించు. అప్పుడు 1986 ఆగస్టు 11 నాటి అసలు తీర్పు బయటికి తియ్యి. పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోమని రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు. నీ జడ్జీలు వేరుగా తేల్చినా తప్పనకు, ఎక్కడ దారి మారిందో వాళ్లనే వెతకమను.

తీర్పు కాపీ మీ నాన్న చేత పంపిస్తున్నాను.

పెదనాన్న