జంపర్ కేబుళ్ళు తారుమారుగా తగిలించాక

సందేహం: న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వచ్చి అయిదు నెలలైంది. పదేళ్ళ నాటి జపాన్ కారు ఒకటి కొనుక్కున్నాను. మొన్నటి చలికి బ్యాటరీ డౌన్ అయితే, స్నేహితుడి కారు పక్కన నిలిపి జంప్ స్టార్ట్ చేయబోయి, చీకట్లో ప్లస్‌కూ మైనస్‌కూ కేబుళ్ళు తారుమారుగా తగిలించాను. పెద్ద నిప్పురవ్వ లేచింది. అప్పటినుంచి కారులో చిన్న దీపం కూడా వెలగడం లేదు. నాలుగు ఫ్యూజులు మార్చి చూశాను, ప్రయోజనం లేదు. కారు పోయినట్టేనా?

సమాధానం: పోయిందని అప్పుడే అనుకోకండి. మీరు రాసిన లక్షణాలను బట్టి మెయిన్ ఫ్యూజు కాలి ఉండవచ్చు, అదే నిజమైతే మీరు చాలావరకు బయటపడ్డట్టే. ఇంజనుతో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటరులో డయోడ్లు ఉంటాయి. ఇంజను తిరుగుతున్నప్పుడు పుట్టిన కరెంటును బ్యాటరీ వైపు పోనిచ్చి, బ్యాటరీలోని కరెంటు వెనక్కి రాకుండా ఆపడం వాటి పని. ప్లస్ మైనస్ మారిపోతే ఆ డయోడ్లే తలుపులు బార్లా తెరిచినట్టు కరెంటును తమగుండా పోనిస్తాయి. ఆ ధాటికి తీగలు, డయోడ్లు మాడిపోకముందే తాను తెగిపోవడం కోసమే మెయిన్ ఫ్యూజును పెట్టారు. అది తెగాక లోపలి 10, 15 ఆంపియర్ల ఫ్యూజుల దాకా కరెంటు చేరదు గనుక, మీరు మార్చిన నాలుగూ బహుశా బాగున్న ఫ్యూజులే.

ముందుగా ఇరవై డాలర్లకు అటూ ఇటూగా దొరికే, వోల్టులు కొలిచే మల్టీమీటరు ఒకటి కొనండి. దాన్ని డీసీ 20 వోల్టుల దగ్గర ఉంచి, బ్యాటరీ రెండు కొనల మీద పెట్టి చూడండి. 12.6 చూపితే బ్యాటరీ నిండుగా ఉంది. 12కు దిగితే దాదాపు ఖాళీ. 10కి లోపల ఉంటే కారులో తప్పు వెతకడానికి ముందు బ్యాటరీని ఛార్జి చేయించక తప్పదు. విడిభాగాలు అమ్మే పెద్ద దుకాణాలు చాలావరకు బ్యాటరీని ఉచితంగానే పరీక్షించి పెడతాయి. ఏది ప్లస్ కొనో ఈసారి రంగును చూసి నిర్ణయించకండి, పాత కార్లలో ఎర్రటి మూత ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. బ్యాటరీ పెట్టె మీద అచ్చుపోసిన గుర్తును తుడిచి చూడండి. పైకి పొడుచుకు వచ్చిన రెండు సీసపు కొనల్లో కాస్త లావుగా ఉన్నది ప్లస్. వేళ్ళతో తడిమినా తేడా తెలుస్తుంది.

బ్యాటరీ బాగుందని తేలాక బానెట్ కింద ఉన్న నల్లటి ఫ్యూజు పెట్టె తెరవండి. (ఇక్కడ దాన్ని హుడ్ అంటారు, దుకాణంలో బానెట్ అంటే ఎగాదిగా చూస్తారు.) మూత లోపలివైపు పటం ముద్రించి ఉంటుంది. అందులో 100 లేదా అంతకన్నా ఎక్కువ ఆంపియర్లు రాసి ఉన్న పెద్దదే మెయిన్ ఫ్యూజు. మీటరు నల్ల తీగను బ్యాటరీ మైనస్ మీద ఉంచి, ఎర్ర తీగను ఆ ఫ్యూజు రెండు చివరలకూ తాకించి చూడండి. ఒక చివర 12 చూపి రెండో చివర సున్నా చూపితే ఫ్యూజు తెగినట్టే. దాన్ని పట్టకారుతో పీకబోయి విరగ్గొట్టుకున్నవాళ్ళను నేనెరుగుదును; చాలా కార్లలో దాన్ని బోల్టులతో బిగిస్తారు. ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పి, మూడు నిమిషాలు ఆగి, ఆ తర్వాతే బోల్టులు విప్పండి. పసుపు రంగు తొడుగు ఉన్న తీగలు ఎయిర్‌బ్యాగులవి, వాటి జోలికి పోవద్దు. మీది హైబ్రిడ్ కారైతే ఇదంతా మానేసి నేరుగా మెకానిక్ షాపుకే తీసుకువెళ్ళండి.

కొత్త ఫ్యూజు మీద పాతదాని మీదున్న అంకే ఉండాలి. ఊళ్ళో బోరు మోటారు దగ్గర ఫ్యూజు పోతే రాగి తీగ నాలుగు చుట్లు చుట్టి నడిపించే అలవాటు మనవాళ్ళకు ఉంది. కారులో ఆ పని చేస్తే, ఈసారి ఫ్యూజుకు బదులు తీగల కట్టే అంటుకుంటుంది.

ఇంజను స్టార్ట్ అయ్యాక మళ్ళీ బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటరు బతికే ఉంది. 12 దగ్గరే ఆగి మెల్లగా దిగుతూ ఉంటే డయోడ్లు పోయినట్టు అనుమానించి షాపుకు వెళ్ళండి, దూరప్రయాణం పెట్టుకోకండి. ఇంజను నడుస్తున్నా రేడియో, సిగరెట్ లైటరు పనిచేయకపోతే, అప్పుడు చిన్న ఫ్యూజులు చూడాలి. చాలా కార్లలో స్కానరు తగిలించే ఓబీడీ సాకెట్టుకూ ఆ లైటరుకూ ఒకే ఫ్యూజు ఉంటుంది.

షాపుకు వెళ్ళవలసి వస్తే జరిగింది జరిగినట్టు చెప్పండి. నా మొదటి శీతాకాలంలో నేనూ ఇదే పొరపాటు చేశాను. నామోషీ అనిపించి, “దానంతటదే ఆగిపోయింది” అని చెప్పాను. మెకానిక్ రెండు గంటలు స్టార్టరు, ఇగ్నిషన్ స్విచ్ అన్నీ వెతికి చివరికి మెయిన్ ఫ్యూజు దగ్గరికి వచ్చాడు. కొద్ది డాలర్ల ఫ్యూజుకు రెండు గంటల కూలి కలిపి చెల్లించి వచ్చాను. వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదంటారు. గంటల లెక్కన డబ్బు తీసుకునే మెకానిక్ దగ్గర అసలే దాచకూడదు.

న్యూజెర్సీలో ఉన్నారు గనుక ఇంకొక్క మాట. బ్యాటరీ తీగ విప్పితే కారు కంప్యూటరు తనను తాను పరీక్షించుకుని దాచుకున్న ఫలితాలు చెరిగిపోవచ్చు. ఇక్కడ కార్లకు తప్పనిసరిగా చేయించాల్సిన ఇన్‌స్పెక్షన్ (తనిఖీ) గడువు దగ్గర పడిందని మర్నాడే వెళితే, కారు సిద్ధంగా లేదని తిప్పి పంపుతారు. కొన్ని రోజులు ఊళ్ళోనూ హైవే మీదా నడిపి, ఆ తర్వాత వెళ్ళండి.

మీ ఉత్తరంలో మీ స్నేహితుడి కారు సంగతి ఎక్కడా రాయలేదు. తారుమారైన కరెంటు రెండు బ్యాటరీల మధ్యా పారింది గనుక ఆ కారు ఆల్టర్నేటరుకూ ఫ్యూజులకూ దెబ్బ తగిలి ఉండవచ్చు, పైకి బాగానే నడుస్తున్నా సరే. ఆయన రేపు ఆఫీసుకు బయలుదేరేలోపు మీటరు తీసుకువెళ్ళి, ఆ బ్యాటరీ మీద కూడా ఒకసారి పెట్టి చూడండి.