పేరుకున్న తేనె కల్తీదేనా?

తేనెటీగలు పెంచే ఆయన దగ్గర కొన్న తేనె రెండు నెలలకే అడుగున పంచదారలా పేరుకుంది, సూపర్ మార్కెట్ సీసా మాత్రం ఏడాదైనా అలాగే ఉంది, మోసపోయానా అని అడిగారు కదా. టెన్షన్ పడకండి. గ్లూకోజ్ ఎక్కువున్న తేనె త్వరగా పేరుకుంటుంది, అది సహజం. కంపెనీలు వేడిచేసి సన్నగా వడకడతాయి కాబట్టి వాటిది ఆలస్యమవుతుంది. అంతమాత్రాన అదీ కల్తీ అనలేం. నీళ్లలో చుక్క, అగ్గిపుల్ల పరీక్షలు నమ్మకండి, చిక్కటి పాకం కూడా వాటిలో పాసైపోతుంది! కల్తీ తేలాలంటే ల్యాబే దిక్కు. ఈసారి కొనేటప్పుడు ఏ పూల తేనె, ఎప్పుడు తీశారని అడగండి. తడబడితే నేనైతే కొనను. ఇక పేరుకున్న ఆ తేనె సీసాను 40 డిగ్రీలు దాటని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచండి, మెల్లగా కరుగుతుంది.