గుమ్మం, బాసికం, పొలుసు: బైబిల్ ఆజ్ఞలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: బంధువులు యెరూషలేము యాత్ర నుంచి గుమ్మానికి కొట్టుకునే చిన్న గొట్టం తెచ్చిచ్చారు. మెజూజా అంటారట. ఎటువైపు, ఎంత ఎత్తులో పెట్టాలి? ఇంటికి మంచి జరుగుతుందా?
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు దాని మూత తీసి చూడండి. యాత్రికులకు అమ్మేవాటిలో చాలావరకు ఉత్త గొట్టాలే. కొన్నిట్లో అచ్చు వేసిన కాగితం ఉంటుంది. యూదుల లెక్కలో మెజూజా అంటే గొట్టం కాదు, లోపలి పత్రం. తినదగిన జంతువు చర్మంతో చేసిన పత్రం మీద ద్వితీయోపదేశకాండము 6:4-9, 11:13-21 వచనాలను హీబ్రూలో చేత్తో రాస్తారు. 22 పంక్తులు, 713 అక్షరాలు. రాసేవాణ్ణి సోఫేర్ అంటారు. తెలుగు బైబిల్లో ‘శాస్త్రులు’ అని చదువుతామే, ఆ పేరుకు మూలం ఈ వృత్తే. అక్షరాలు వరుసగానే పడాలి. చివరి పంక్తికి వచ్చాక మొదటి పంక్తిలో ఒక అక్షరం తప్పిపోయిందని తెలిస్తే వెనక్కెళ్ళి ఇరికించడానికి లేదు, పత్రం మొత్తం పోయినట్టే. గోడ తేమకు, ఎండకు సిరా పగిలి రాలుతుంది కాబట్టి ఏడేళ్ళలో రెండుసార్లు విప్పి చూపించుకుంటారు.

ఇంట్లోకి వచ్చేటప్పుడు కుడిచేతి వైపుండే ద్వారబంధమే దాని చోటు. గుమ్మం ఎత్తును మూడు భాగాలు చేస్తే, పై భాగం మొదలయ్యే దగ్గర బిగించాలి. ఆరడుగుల తొమ్మిదంగుళాల గుమ్మమైతే నేల నుంచి సుమారు నాలుగున్నర అడుగులు. పైన ఒక్క మేకు కొట్టి వదిలేస్తే ఊగుతుంది, అది చెల్లదు. పైనా కిందా బిగించాలి. ఐరోపా సంప్రదాయం వాళ్ళు పై కొసను లోపలికి వాల్చి పెడతారు, స్పెయిన్ మూలాలున్న వాళ్ళు నిలువుగా పెడతారు. పడకగదికీ, వంటగదికీ ఉంటుంది, స్నానాలగదికి ఉండదు. ఇజ్రాయెల్ బయట అద్దెకు దిగినవాళ్ళకు 30 రోజుల గడువుంది.

ఇక మంచి జరగడం గురించి. మనం నిమ్మకాయా మిరపకాయలూ కట్టే చోటే ఇదీ ఉంటుంది గనక ఆ అనుమానం సహజం. యూదుల్లోనూ కొందరు లోపల దేవదూతల పేర్లు రాయించుకునేవారు. 12వ శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ వాళ్ళ మీద మండిపడ్డాడు: ఆజ్ఞను తాయెత్తుగా మార్చినవాళ్ళకు రాబోయే లోకంలో భాగం లేదన్నాడు. దాని పని వేరు. గడప దాటిన ప్రతిసారీ చెయ్యి అక్కడికి వెళ్తుంది. పిల్లలు దాన్ని అందుకోవాలని ఎగురుతారు. అందులో ఏం రాసుందో చదవడం రాకముందే అది తమ ఇంటిదని వాళ్ళకు తెలుస్తుంది.

యూదులు కానివాళ్ళకు ఈ ఆజ్ఞ లేదు. మీది ఖాళీ గొట్టమైతే జ్ఞాపికగా ఉంచుకోండి. నిజమైన పత్రమే ఉంటే మాత్రం చెత్తలో వేయకండి. పాడైన పత్రాలను వాళ్ళు మట్టిలో పాతిపెడతారు.

ప్రశ్న: ఆజ్ఞలు ‘కన్నుల నడుమ బాసికమువలె’ ఉండాలని ఉంది. నిజంగా కట్టుకుంటారా? మత్తయి 23:5లో యేసు దాన్నే తప్పుపట్టాడు కదా?
- ఓ పాఠకుడు, ఏలూరు

జవాబు: కట్టుకుంటారు. సమరయులు, రబ్బీల వ్యాఖ్యానాలను ఒప్పుకోని యూదు శాఖ కారయితులు ఆ మాటను ఉపమానంగా తీసుకుని కట్టుకోరు. మిగతా యూదుల్లో పదమూడేళ్ళు నిండిన మగవాళ్ళు పనిరోజుల్లో పొద్దుటి ప్రార్థనకు తెఫిల్లీన్ (లేఖన పత్రాలుండే చిన్న పెట్టెలు) ధరిస్తారు. మృతసముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో దొరికిన పాత తెఫిల్లీన్ చూస్తే, ఇది రెండు వేల ఏళ్ళు దాటిన అలవాటని తెలుస్తుంది.

నల్లటి తోలు పెట్టెలు రెండు. చేతి పెట్టెలో నాలుగు లేఖన భాగాలూ ఒకే పత్రం మీద, తల పెట్టెలో నాలుగు అరల్లో నాలుగు పత్రాలుగా ఉంటాయి. ముందు చేతిది. కుడిచేతి వాటం వాళ్ళు ఎడమ చేతి కండ మీద, గుండె వైపు వాలేలా పెట్టి, తోలు పట్టీని ముంజేతికి ఏడుసార్లు చుడతారు. తర్వాత తలది. చివర్లో మధ్యవేలికి మూడు చుట్లు. విప్పేటప్పుడు తలదే ముందు.

బాసికం అన్న మాట తెలుగు చెవికి ఇంపుగానే ఉంది గానీ, చోటు విషయంలో దారి తప్పిస్తుంది. పెళ్ళి బాసికం నుదుటి మీద ఉంటుంది, తెఫిల్లీన్ నుదుటి మీదికి జారితే చెల్లదు. జుట్టు మొలిచే గీతకు పైన, రెండు కళ్ళ మధ్యకు సూటిగా ఉండాలి. తల చుట్టూ వచ్చే పట్టీ వదులైనప్పుడు జరిగే పొరపాటు ఇదే. విశ్రాంతిదినాన ధరించరు: తెఫిల్లీన్ ఒక గురుతైతే, ఆ దినమే ఒక గురుతు అని నిర్గమకాండము 31:13లో ఉంది కాబట్టి.

మత్తయి వచనంలో ‘వెడల్పుగా’ అన్న మాట చూడండి. రక్షరేకులు (తెఫిల్లీన్‌కు ఆ వచనంలోని పేరు) కట్టుకోవడాన్ని కాదు, నలుగురూ చూడాలని పెద్దవి చేయించుకోవడాన్ని ఆయన ఎత్తిచూపాడు.

ప్రశ్న: లేవీయకాండము 11 ప్రకారం తినాలనుకుంటున్నాం. మన చేపల బజారులో ఏవి కొనాలి? మాంసం సంగతేమిటి?
- ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: నీళ్ళలోవాటికి రెక్కలు, పొలుసులు రెండూ ఉండాలి. శీలావతి, బొచ్చె, కొర్రమేను, పండుగప్ప, పులస సరే. వాలుగకు పొలుసు లేదు. రొయ్య, పీత, నత్త కుదరవు. సొరచేపతో జాగ్రత్త: దాని ఒంటి గరుకు పొలుసులాగే ఉంటుంది గానీ, చర్మం చిరగకుండా ఊడిరాదు. యూదుల కొలత అదే, ఊడిరానిది పొలుసు కాదు. శుభ్రం చేసి ముక్కలు కొట్టినవి కొంటే ఏ చేపో తెలియదు. చేపను నిండుగా కొని, రొయ్యలు వలిచిన కత్తిపీటను బాగా కడిగించాకే కోయించండి.

మాంసం కష్టం. యూదు పద్ధతిలో కోయనిదైతే మిగతావన్నీ పాటించినా అది కోషెర్ (యూదుల ఆహార నియమాలకు తగినది) కాదు. అలా కోసిన మాంసాన్ని కూడా అరగంట నానబెట్టి, గంటసేపు గళ్ళుప్పు పట్టించి, మూడుసార్లు కడగాలి. మెత్తటి ఉప్పు కరిగిపోతుంది, రక్తం లాగదు. కాలేయానికి ఉప్పు చాలదు, మంట మీద కాల్చాల్సిందే.

తెలుగు ఇళ్ళలో అసలు చిక్కు పెరుగు దగ్గర. మేకపిల్లను తల్లిపాలతో వండొద్దన్న మాట మూడుచోట్ల వస్తుంది. దాన్నిబట్టి మాంసమూ పాలూ ఎక్కడా కలవకూడదన్నారు. కోడికూడా అందులోకే వస్తుంది. పెరుగులో నానబెట్టిన దమ్ బిర్యానీ పోయింది. మాంసం కూర తిన్నాక పెరుగన్నంతో ముగించడమూ పోయింది. ఆరు గంటలు ఆగాలని చాలామంది, మూడు చాలని జర్మనీ యూదులు, ఒకటి చాలని హాలండు వాళ్ళు అంటారు. పాత్రలు రెండు జతలు కావాలి. పంది తినకపోవడం తేలిక, చివరి ముద్ద మార్చుకోవడమే కష్టం.

ప్రశ్న: ఇవన్నీ క్రైస్తవులకు వర్తిస్తాయా?
- ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో ఇదే తగువు యెరూషలేములో వచ్చింది. అన్యజనుల నుంచి వచ్చినవాళ్ళ మీద పూర్తి ధర్మశాస్త్రం మోపకుండా నాలుగే చెప్పారు: విగ్రహార్పితం, రక్తం, గొంతు పిసికి చంపినది, జారత్వం వద్దని. మన ఊళ్ళలో చాలామంది విశ్వాసులు ప్రసాదం తీసుకోకపోవడానికీ, రక్తం వేపుడు ముట్టకపోవడానికీ ఆధారం ఈ అధ్యాయమే. మీ జిల్లాలోనే చేబ్రోలు దగ్గర బెనే ఎఫ్రాయిము కుటుంబాలు మాత్రం క్రైస్తవం నుంచి యూదు ఆచారాలకు మళ్ళాయి. వాళ్ళకు వారంలో విశ్రాంతి ఆదివారం కాదు. శుక్రవారం పొద్దుగూకే ముందు దీపంతో మొదలై, శనివారం రాత్రి ఆకాశంలో మూడు చుక్కలు కనబడేదాకా.