గిట్ రిపోలో (కోడ్‌నీ, దాని పాత మార్పుల హిస్టరీనీ దాచే చోట) ఇంకో గిట్ రిపో ఉంది. లోపలి డాట్ గిట్ ఫోల్డర్ (ఆ హిస్టరీ ఉండే చోటు) తీసేస్తే సరిపోతుందా?

తీసేయకండి. మిగతాదంతా తర్వాత చెబుతాను, ముందు ఆ పని మాత్రం చేయకండి.

మీరు రాసినదాన్ని బట్టి ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఇంకో రిపోని క్లోన్ చేశారు, అంటే కాపీ దించుకున్నారు. బయటి నుంచి గిట్ యాడ్ కొడితే 'ఎంబెడెడ్ గిట్ రిపోజిటరీ' అని వార్నింగ్ వచ్చింది. పట్టించుకోకుండా పుష్ చేశారు, అంటే సర్వర్‌కి పంపేశారు. మీ ఫ్రెండ్ క్లోన్ చేస్తే ఆ ఫోల్డర్ ఖాళీగా వచ్చింది. ఎవరిని అడిగినా లోపలి డాట్ గిట్ తీసేసి మళ్లీ యాడ్ చేయమంటున్నారు. అలా చేస్తే ఫైళ్లు వస్తాయి, నిజమే. కానీ ఆ లోపలి రిపో హిస్టరీ, అందులో మీరు ఇంకా పుష్ చేయని బ్రాంచ్‌లు (విడివిడిగా నడిపే పని దారులు), స్టాష్‌లు (పక్కన దాచిన మార్పులు) అన్నీ మీ మెషిన్‌లోంచి పోతాయి. రేపు ఆ లోపలి కోడ్‌లో బగ్ సరిచేస్తే రెండు చోట్లా చేతితో కాపీ కొట్టుకోవాలి.

మాది గుంటూరు. బ్రాడీపేటలో చిన్న ఆఫీసు. మిర్చి కమీషన్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, కోల్డ్ స్టోరేజీలకు సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తాం. రెండింటికీ కాటా మెషిన్ నుంచి బరువు చదివే కోడ్ ఒకటే. దాన్ని విడి రిపోగా పెట్టి, రెండు ప్రాజెక్టుల్లోనూ సబ్‌మాడ్యూల్‌గా, అంటే రిపో లోపల జత చేసిన ఇంకో రిపోగా వాడుతున్నాం. కాబట్టి మా కుర్రాళ్లకు చెప్పినట్టే మీకూ చెబుతాను. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెడితే రైతు చేతికి రసీదు ఇస్తారు. రైతు ఇంట్లో ఉండేది రసీదే, టిక్కీలు (మిర్చి బస్తాలు) కాదు. బయటి రిపోలో ఉండేది కూడా అలాంటి రసీదే. లోపలి రిపోలో ఫలానా కమిట్ (సేవ్ చేసిన ఒక మార్పు) అని ఒక నంబర్, అంతే. ఆ సరుకు ఏ స్టోరేజీలో ఉందో రాసే చోటు డాట్ గిట్‌మాడ్యూల్స్ అనే ఫైలు. మీ కేసులో నంబర్ పడింది గానీ ఆ ఫైలు లేదు. అడ్రసు లేని రసీదుతో మీ ఫ్రెండ్ సరుకు ఎక్కడ తెచ్చుకుంటాడు?

ఈ విషయం నాకు బాగా ఒంటబట్టింది ఒక మార్చి నెల ఆదివారం రాత్రి. మార్చి అంటే మాకు ఊపిరాడని సీజన్. శని, ఆదివారాలు మిర్చి యార్డుకు సెలవు కాబట్టి సోమవారం సరుకు పోటెత్తుతుంది. ఒక షాపులో కొత్త కాటా మెషిన్ పెట్టారు, అది 45 కిలోల టిక్కీని మా సాఫ్ట్‌వేర్‌కి నాలుగున్నర కిలోలుగా చూపిస్తోంది. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు రెండు రోజులు ఆ షాపులోనే కూర్చుని, మెషిన్ ముందు పెట్టుకుని సరిచేశాడు. మంచి పని చేశాడు. చేసి, పుష్ చేసి, తెనాలి వెళ్లిపోయాడు.

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి నేను బిల్డ్ పెడితే ఆగిపోయింది. సబ్‌మాడ్యూల్‌లో ఆ నంబర్ కమిట్ లేదు అంటోంది. బయటి రిపో పుష్ అయింది, లోపలిది కాలేదు. రసీదు వచ్చింది, సరుకు రాలేదు. ఈలోపు షాపు ఆయన ఫోను: "ఏమయ్యా, పొద్దున్నే కాటా మొదలయిద్ది. బిల్లు ఎట్టా కొట్టాలి?"

కుర్రాడికి ఫోన్ చేస్తే వణికిపోతున్నాడు. "అన్నా, లోపలి ఫోల్డర్‌లో మెయిన్‌కి మారాను, నా కోడ్ కనపడట్లేదన్నా. మొత్తం డిలీట్ చేసి ఫ్రెష్‌గా క్లోన్ చేసేదా?" నా గుండె ఆగినంత పనైంది. సబ్‌మాడ్యూల్ అసలు డేటా ఉండేది బయటి రిపోలోని డాట్ గిట్ కింద, మాడ్యూల్స్ అనే ఫోల్డర్‌లో. ప్రాజెక్టు ఫోల్డర్ తీసేస్తే అదీ పోతుంది. "లాప్‌టాప్ మూసెయ్, ఏదీ ముట్టుకోకు, నేనొస్తున్నా" అన్నాను. ఫోన్‌లో కమాండ్లు చెబితే ఆ కంగారులో ఏది కొడతాడో తెలియదు. నందివెలుగు రోడ్డు పట్టుకుని పాతిక కిలోమీటర్లు బైక్ మీద పోయాను.

వాళ్లింటి వరండాలో, ప్లాస్టిక్ కుర్చీ మీద లాప్‌టాప్ పెట్టి తెరిచాం. సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ చేసినప్పుడు గిట్ ఆ కమిట్ మీదే నిలబెడుతుంది, ఏ బ్రాంచ్ మీదా కాదు. దాన్నే డిటాచ్డ్ హెడ్ అంటారు. వాడు అక్కడే కమిట్ చేశాడు. తర్వాత మెయిన్‌కి మారేసరికి ఆ కమిట్‌కి ఏ బ్రాంచ్ పేరూ లేదు. లోపలి ఫోల్డర్‌లో గిట్ రిఫ్లాగ్ (ఇంతకుముందు ఏయే కమిట్ల మీద నిలబడ్డామో చూపే జాబితా) కొట్టించాను. మూడో వరుసలో ఉంది! బిల్డ్ మెషిన్ అడుగుతున్న నంబర్ నేను చీటీ మీద రాసుకుని వెళ్లాను. వాడు స్క్రీన్ మీద వేలు ఒక్కో అక్షరం జరుపుతూ చీటీతో సరిచూశాడు. అన్నీ కలిశాయి. ఆ నంబర్ నుంచి ఒక బ్రాంచ్ తీసి, నా ఫోన్ హాట్‌స్పాట్ మీద పుష్ చేశాం. రెండు నిమిషాల పని. వాళ్లమ్మగారు మజ్జిగ ఇచ్చి "మావాడు ఏం తప్పు చేశాడు బాబూ?" అని అడిగారు. తప్పేం లేదమ్మా, ఎవరూ చెప్పలేదు అన్నాను.

నిజంగానే ఎవరూ చెప్పలేదు. వాడు ఫీజు కట్టి మూడు నెలలు కోచింగ్ తీసుకున్నాడు. అక్కడ గిట్ అంటే యాడ్, కమిట్, పుష్. మూడు కమాండ్లు, ఒక పూట క్లాసు. రిఫ్లాగ్ అనే మాట వాడు వినలేదు. ఏ బ్రాంచ్‌కీ చెందని కమిట్‌ని కూడా రిఫ్లాగ్ మామూలుగా 30 రోజులు గుర్తుంచుకుంటుందని తెలిస్తే ఆ పిల్లాడు అంత భయపడేవాడా? సీనియర్లూ అంతే. సబ్‌మాడ్యూల్ చెత్త, వాడొద్దు అంటారు గానీ, కూర్చోబెట్టి పది నిమిషాలు చెప్పరు. సబ్‌మాడ్యూల్ 2007 నుంచి గిట్‌లో ఉంది. చెప్పడానికి ఇన్నేళ్లు సరిపోలేదా? ఒకే ప్రాజెక్టులో తప్ప ఇంకెక్కడా వాడని కోడ్ అయితే సబ్‌ట్రీ (లోపలి కోడ్‌ని బయటి రిపోలోనే కలిపేసే పద్ధతి) పెట్టుకోండి, నేను కాదనను. రెండు మూడు చోట్ల వాడేదైతే సబ్‌మాడ్యూలే సరైనది.

ఇక మీ పని. బయటి ఫోల్డర్‌లో నిలబడి గిట్ ఆర్‌ఎం --క్యాష్డ్ అని, పక్కన లోపలి ఫోల్డర్ పేరు ఇవ్వండి. డిస్క్ మీద ఫైళ్లు ఎక్కడికీ పోవు. తర్వాత గిట్ సబ్‌మాడ్యూల్ యాడ్, లోపలి రిపో యూఆర్ఎల్, అదే ఫోల్డర్ పేరు. ఉన్న రిపోనే అది తీసుకుంటుంది, డాట్ గిట్‌మాడ్యూల్స్ ఫైలూ తయారవుతుంది. కమిట్ చేసి పుష్ చేయండి. మీ ఫ్రెండ్‌ని పుల్ చేసి, గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ --ఇనిట్ --రికర్సివ్ కొట్టమనండి. గిట్‌హబ్ నుంచి జిప్ దించుకుంటే మాత్రం సబ్‌మాడ్యూల్ ఫోల్డర్ ఖాళీగానే వస్తుంది, ఆ దారిన పోవద్దని ముందే చెప్పండి.

ఇంకొకటి. గిట్ కాన్ఫిగ్‌లో పుష్ డాట్ రికర్స్‌సబ్‌మాడ్యూల్స్ అనే సెట్టింగ్‌కి చెక్ అని పెట్టుకోండి. లోపలి కమిట్ సర్వర్‌కి చేరకపోతే బయటి పుష్‌ని గిట్ ఆపేస్తుంది. ఆ రాత్రి తెనాలి నుంచి వచ్చాక మా ఆఫీసులో ప్రతి మెషిన్‌లోనూ నేనే కూర్చుని పెట్టాను.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు లోపలి ఫోల్డర్‌లోకి వెళ్లి గిట్ స్టేటస్ చూడండి. ఏ బ్రాంచ్ మీద ఉన్నారు, పుష్ కాని కమిట్లు ఏమైనా ఉన్నాయా అని. ఉంటే అవి ముందు పుష్ చేయండి. స్టేటస్‌లో ఏం కనిపించిందో ఇక్కడ రాస్తే మిగతాది నేను చూసి చెబుతాను.