సంక్రాంతికి వద్దు, దసరాకి రమ్మను: ఉత్తర క్వీన్స్‌లాండ్ తీరానికి ఫ్రెండ్స్ వస్తుంటే

సందేహం: అన్నా, మాది చిత్తూరు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం, టౌన్స్‌విల్‌లో మాస్టర్స్‌కి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. తిరుపతిలో నాతో బీటెక్ చదివిన ఇద్దరు ఫ్రెండ్స్ సంక్రాంతి సెలవులకు ఇక్కడికి వస్తామంటున్నారు. ఒకడు భార్యతో, ఇంకొకడు వాళ్ళ అమ్మతో. బ్రిస్బేన్‌లో దిగి, కారు రెంట్‌కి తీసుకుని, సముద్రం పక్కనే కెయిర్న్స్ దాకా వెళ్ళి, గ్రేట్ బారియర్ రీఫ్ (సముద్రంలో పగడాల దిబ్బలు), డెయిన్‌ట్రీ అడవి అన్నీ ఐదు రోజుల్లో చూసేద్దామని వాళ్ళ ప్లాన్. కుదురుతుందా? నేనేం చూసుకోవాలి?

జవాబు: తమ్ముడూ, కుదరదు. ముందు ఆ సంక్రాంతి మాట మానిపించు, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. మన తిరుపతి ఇళ్ళల్లో ఏడాది పొడుగునా చుట్టాలు దిగుతూనే ఉంటారు కదా, ఎవరైనా కొండకి వస్తున్నామని ఫోన్ చేస్తే మనం మొదట అడిగేది దర్శనం టికెట్ ఏ తేదీకి దొరికింది అని. ఆ తేదీని బట్టే రైలు, రూము, కాణిపాకం, శ్రీకాళహస్తి అన్నీ సర్దుతాం. ఇక్కడ ఆ టికెట్ స్థానంలో ఉండేది సీజన్. అది చూసుకోకుండా హోటళ్ళు బుక్ చేసుకున్న వాళ్ళు రూములో కూర్చుని వాన చూసి వెళ్ళిపోతారు.

జనవరిలో ఇక్కడ నడి వానాకాలం. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా వానలు, నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా తుఫాన్ల సీజన్. 2011 ఫిబ్రవరిలో యాసి తుఫాను మిషన్ బీచ్ దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబర్‌లో జాస్పర్ వచ్చినప్పుడు కెయిర్న్స్ చుట్టుపక్కల వరదలు ముంచెత్తాయి, పోర్ట్ డగ్లస్ వెళ్ళే కోస్తా రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి. 2025 ఫిబ్రవరి సంగతి మీ ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్తారు, టౌన్స్‌విల్‌కీ ఇంగమ్‌కీ మధ్య బ్రూస్ హైవే మీద ఒల్లెరా క్రీక్ వంతెన వరదకి తెగిపోయింది. ఉత్తరానికి పోయే ప్రధాన రోడ్డు అదొక్కటే కాబట్టి అది తెగితే లోపలి నుంచి వందల కిలోమీటర్లు చుట్టు తిరగాలి. దీనికి తోడు జనవరి ఇక్కడి స్కూళ్ళకి వేసవి సెలవులు, విమానం టికెట్లు, రూములు మండిపోతుంటాయి, ఇక సముద్రంలో విషపు జెల్లీఫిష్‌ల కాలం కూడా అదే.

దసరా సెలవులకి రమ్మను. సెప్టెంబర్ ఆఖరు, అక్టోబర్ మొదట్లో ఎండ ఉంటుంది, ఉక్కపోత ఇంకా మొదలుకాదు, జెల్లీఫిష్ సీజన్ మొదలవ్వడానికీ టైం ఉంటుంది. ఇక్కడి స్కూళ్ళకీ అప్పుడే చిన్న సెలవులు ఉంటాయి కాబట్టి రూములు మాత్రం నెలల ముందే పట్టుకో. దసరా కుదరదంటే మన బడులు తెరిచే ముందు, జూన్ మొదట్లో రావచ్చు, వానలు తగ్గి చల్లగా ఉంటుంది. కాకపోతే ఆ నెలల్లో ఆగ్నేయం నుంచి గాలి గట్టిగా వీస్తుంది, పడవ బాగా ఊగుతుంది.

ఇంక ఆ బ్రిస్బేన్ నుంచి కారు. మ్యాపులో రోడ్డు తీరం వెంటే ఉన్నట్టు కనిపిస్తుంది, అందరూ అక్కడే మోసపోతారు. బ్రిస్బేన్ నుంచి కెయిర్న్స్‌కి దాదాపు 1,700 కిలోమీటర్లు, అందులో సముద్రం కనిపించేది బహు తక్కువ, ఎక్కువ భాగం చెరుకు తోటలు, పశువుల బీళ్ళు, అడవి. రెండు లైన్ల రోడ్డు, ముందు పెద్ద ట్రక్కు, చెరుకు కోతల కాలంలో (జూన్ నుంచి నవంబర్) హైవేకి అడ్డంగా చెరుకు రైళ్ళు కూడా దాటుతుంటాయి. ఐదు రోజుల్లో మూడు రోజులు దానికే పోతాయి. బ్రిస్బేన్ నుంచి కెయిర్న్స్ విమానంలో రెండున్నర గంటలు. వాళ్ళని నేరుగా కెయిర్న్స్ రమ్మని, నువ్వు అక్కడికి వెళ్ళి కలువు. మూడు నాలుగు రోజులు అక్కడ ఉండి, తర్వాత అందరూ కలిసి కారులో టౌన్స్‌విల్ దిగి రండి. ఆ 350 కిలోమీటర్ల ముక్క బాగుంటుంది, ఆగడానికి చోట్లు ఉన్నాయి. ఇన్నిస్‌ఫెయిల్, టల్లీ, కార్డ్‌వెల్ మీదుగా రావచ్చు. టల్లీలో 7.9 మీటర్ల ఎత్తు బంగారు రంగు గమ్‌బూట్ (వానలో వేసుకునే రబ్బరు బూటు) బొమ్మ ఒకటి ఉంటుంది, 1950లో అక్కడ పడ్డ వాన కొలత అది. ఏడాదిలో 7.9 మీటర్ల వాన! వాన కోసం మొహం వాచిపోయే మన జిల్లా వాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటో దిగకుండా రారు.

నిజంగా సముద్రం ఒడ్డునే వెళ్ళే రోడ్డు కావాలంటే కెయిర్న్స్ నుంచి పోర్ట్ డగ్లస్ వెళ్ళే కెప్టెన్ కుక్ హైవే. గంట పైన పడుతుంది, కానీ ఆగుతూ ఆగుతూ వెళ్ళండి. అక్కడి నుంచి ఇంకా పైకి పోతే డెయిన్‌ట్రీ నది, కారుతో సహా ఫెర్రీ ఎక్కి దాటాలి. అవతల ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు, కాబట్టి మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుని, మోస్‌మన్‌లోనే పెట్రోల్ నింపుకో. రీఫ్‌ని 1981లో, ఈ అడవిని 1988లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు, కేప్ ట్రిబ్యులేషన్ దగ్గర ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి. తారు రోడ్డు కేప్ ట్రిబ్యులేషన్ దాకానే. ఆ తర్వాత మట్టి బాటలోకి రెంట్ కారు దింపితే ఇన్సూరెన్స్ వర్తించదు, వాగు నీళ్ళల్లో ఇంజన్ పోయినా అంతే, మొత్తం నీ జేబులోంచే.

ఇప్పుడు అసలు భయపెట్టాల్సిన సంగతి. మనోళ్ళకి సముద్రం కనిపిస్తే చాలు, మెరీనా అయినా మైపాడు అయినా ప్యాంటు మడిచి దిగిపోవడమే. తలకోనకి పోయినా అంతే. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. నీళ్ళు అద్దంలా ఉంటాయి, అలలు కూడా ఉండవు (రీఫ్ అడ్డం ఉండబట్టి), ఒక్కరు కూడా నీళ్ళల్లో ఉండరు. ఎందుకు ఎవరూ లేరో ఆలోచించాలి కదా! నవంబర్ నుంచి మే దాకా తీరంలో బాక్స్ జెల్లీఫిష్ తిరుగుతుంది, దాని తీగలు తగిలితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఇరుకాంజీ అని ఇంకోటి, గోరంత ఉంటుంది, కుట్టినప్పుడు పెద్దగా తెలియదు, అరగంట తర్వాత నడుము నొప్పి, వాంతులు, బీపీ పెరగడం మొదలవుతాయి. అందుకే ఆ నెలల్లో కొన్ని బీచుల్లో వల కట్టి ఉంచుతారు, కానీ ఇరుకాంజీ ఆ వలలోంచి కూడా దూరుతుంది. బీచుల్లో స్తంభాలకి వెనిగర్ సీసాలు పెట్టి ఉంటాయి, అవి వంటకి కాదు. కుట్టిన చోట కనీసం 30 సెకన్లు వెనిగర్ పోసి, 000కి (ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు) ఫోన్ చేయాలి. మంచినీళ్ళు పోయకూడదు, రుద్దకూడదు.

మొసళ్ళు అయితే అన్ని నెలల్లోనూ ఉంటాయి. క్వీన్స్‌లాండ్‌లో 1974 నుంచి వాటిని వేటాడటం నిషేధం, సంఖ్య బాగానే పెరిగింది. నదుల్లో, వాగు సముద్రంలో కలిసే చోట, మడ అడవుల్లో, ఒక్కోసారి బీచ్‌లో కూడా కనిపిస్తాయి. మొసళ్ళున్నాయని హెచ్చరించే పసుపు బోర్డు కనిపిస్తే దూరంగా ఉండండి, బోర్డు లేదు కాబట్టి మొసలి లేదని మాత్రం అనుకోవద్దు. నీటి అంచుకి కనీసం 5 మీటర్లు ఎడంగా నిలబడమను. రీల్స్ కోసం వాగు ఒడ్డున కూర్చుని కాళ్ళు ఆడించే వాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఫ్రెండే కదా మొహమాటం ఎందుకని ఊరుకోవద్దు, "వద్దురా, పైకి రా" అని గట్టిగా చెప్పాల్సింది నువ్వే, వాళ్ళకి ఆ నీళ్ళ సంగతి తెలియదు. బబిండా బౌల్డర్స్ (పెద్ద బండరాళ్ళ మధ్య పారే వాగు) దగ్గర కూడా ఈత కొట్టమని చూపించిన మడుగులోనే దిగండి, కింద రాళ్ళ మధ్య ప్రవాహం ఉన్న చోట చాలామంది కుర్రాళ్ళు పోయారు.

మరి ఎక్కడ దిగాలి? కెయిర్న్స్ ఎస్ప్లనేడ్‌లో లగూన్ ఉంది, ఉప్పునీటి కొలను, ఉచితం, లైఫ్‌గార్డులు ఉంటారు. మీ టౌన్స్‌విల్ స్ట్రాండ్‌లో రాక్ పూల్ ఉండనే ఉంది. బీచ్‌లో దిగితే ఎరుపు పసుపు జెండాల మధ్యే.

రీఫ్‌కి పోయినప్పుడు పడవ వాళ్ళు స్టింగర్ సూట్ ఇస్తారు. మెడ నుంచి మడమల దాకా, చేతులకి కూడా కప్పేసే పల్చటి లైక్రా బట్ట. దీనివల్ల ఇంకో లాభం ఉంది, స్విమ్ సూట్ వేసుకోవాలంటే సిగ్గుపడే మన ఆడవాళ్ళు ఈ సూట్‌లో హాయిగా దిగుతారు. నీ ఫ్రెండ్ భార్య వెనకాడితే ఈ మాట ముందే చెప్పు.

వాళ్ళ అమ్మ విషయం కొంచెం ఆలోచించాలి. స్నార్కెలింగ్‌కి (నోట్లో గొట్టం పెట్టుకుని నీటి పైన తేలుతూ పగడాలు చూడటం) ముందు ఆరోగ్యం గురించి ఫారం నింపమంటారు, 60 దాటిన వాళ్ళని, గుండె జబ్బు లాంటివి ఉన్నవాళ్ళని విడిగా గుర్తుపెట్టుకుని, తేలడానికి సాయంగా ఏదైనా ఇచ్చి, దగ్గరుండి చూసుకుంటారు. మన అమ్మలు ఏమంటారో తెలుసుగా, రోజూ బీపీ మాత్ర మింగుతూనే "నాకేం లేదు నాయనా" అంటారు. ఫారంలో నిజం రాయించు. ఆమె దిగకపోయినా నష్టం లేదు, పెద్ద పాంటూన్‌లకి (రీఫ్ దగ్గర నీటి మీద తేలే వేదికలు) వెళ్ళే ట్రిప్పుల్లో అడుగు అద్దంతో ఉండే పడవ ఉంటుంది, చీర తడవకుండా పగడాలు చూసి రావచ్చు. అంత దూరం పడవలో ఊగలేదనుకుంటే గ్రీన్ ఐలాండ్ చాలు, కెయిర్న్స్ నుంచి ముప్పావు గంట. వాంతుల మాత్ర పడవ ఎక్కకముందే వేసుకోవాలి, ఊగడం మొదలయ్యాక వేసుకుంటే దండగ. కుర్రాళ్ళు స్కూబా చేస్తామంటే సరే, కానీ మర్నాడు పొద్దున్నే విమానం ఉంటే ముందురోజు మధ్యాహ్నం డైవింగ్ పెట్టుకోవద్దు, ఒక రోజు ఎడం ఉంచాలి.

తిండికి కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకో, హోటల్ రూము కంటే అదే నయం. అయితే తిరగవాత వేసేటప్పుడు కిటికీలు తీసి, ఎగ్జాస్ట్ వేసి, ఆ తర్వాతే ఎండుమిరపకాయలు వేయమను. ఆ పొగకి అలారం మోగి ఫైరింజన్ వచ్చిందంటే దాని ఖర్చు మీమీదే వేస్తారు. పార్కుల్లో ఉచితంగా వాడుకునే ఎలక్ట్రిక్ బార్బెక్యూలు ఉంటాయి, వాటి మీద అందరూ బీఫ్ కాలుస్తారు. పెద్దావిడ శాకాహారి అయితే మీ పెనం మీరే తీసుకెళ్ళండి, లేదంటే పులిహోర కలుపుకుని పోతే గొడవే లేదు. రీఫ్ పడవలో భోజనం వాళ్ళే పెడతారు, శాకాహారం అని బుకింగ్‌లోనే రాయి.

కారు ఎవరు నడుపుతారో వాళ్ళ పేరు రెంట్ కాగితంలో ఉండాలి. మన ఆంధ్రా లైసెన్స్ ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి టూరిస్టుగా వచ్చినవాడు దానితో నడపొచ్చు, అసలు కార్డు తెచ్చుకోమను, ఫోన్‌లో ఫోటో చూపిస్తే కుదరదు. ఫోన్ పట్టుకుని నడిపితే జరిమానా వెయ్యి డాలర్లకి పైనే. సీటు బెల్టు వెనక కూర్చున్నవాళ్ళకీ తప్పనిసరి. చీర నలుగుతుందని, భుజానికి ఒరుసుకుంటోందని బెల్టుని చంక కింద నుంచి వేసుకుంటారు మన పెద్దవాళ్ళు, అది కూడా తప్పే, ముందు సీట్లో అలా వేసుకుంటే రోడ్డు పక్క కెమెరాలు దాన్నీ పట్టేస్తాయి. పొద్దు వాలాక వాలబీలు (చిన్న సైజు కంగారూలు) రోడ్డు మీదికి దూకుతాయి, చీకటి పడకముందే రూముకి చేరేటట్టు చూసుకో. రాత్రి మందు పార్టీ చేసుకుంటే పొద్దున డ్రైవింగ్ తాగనివాడికి ఇవ్వు, ఇక్కడ పొద్దునపూట కూడా ఆపి ఊదమంటారు.

డబ్బుల మాట టికెట్లు కొనకముందే తేల్చు. రీఫ్ ట్రిప్పు మనిషికి రెండు వందల డాలర్ల పైన అవుతుంది. ఇక్కడికొచ్చాక ప్రతి కాఫీనీ రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకునే బదులు పెద్ద ఖర్చులన్నీ రూపాయల్లో రాసి వాట్సాప్ గ్రూపులో ముందే పెట్టు. నువ్వు స్టూడెంట్‌వి, అందరికీ పెట్టుకోలేవు, వాళ్ళకీ ఆ సంగతి తెలుసు. అడగడానికి సిగ్గేం లేదు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. వాళ్ళకి కావాల్సింది విజిటర్ వీసా, సబ్‌క్లాస్ 600. నువ్వు ఆహ్వానం రాయొచ్చు, కానీ చూసేది వాళ్ళ ఉద్యోగం, సెలవు లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్. ట్రావెల్ ఇన్సూరెన్స్ మాత్రం వదిలిపెట్టొద్దు. మన దేశం వాళ్ళకి ఇక్కడి మెడికేర్ (ప్రభుత్వ వైద్య బీమా) వర్తించదు. క్వీన్స్‌లాండ్‌లో ఉండేవాళ్ళకి అంబులెన్స్ ఉచితం, చూడ్డానికి వచ్చినవాళ్ళకి బిల్లు వస్తుంది. పెద్దావిడకి పాత జబ్బులుంటే అవి కూడా కవరయ్యే పాలసీ చూడమను.

తిరుపతి నుంచి వస్తూ లడ్డూ తేకుండా ఉండరు. దేశంలోకి వచ్చేటప్పుడు నింపే కార్డులో తినే వస్తువులకి "ఎస్" అని టిక్ పెట్టమను. పాలు, నెయ్యితో చేసిన వాటి మీద ఇక్కడ నిబంధనలు గట్టివి, ఆఫీసర్ తీసేసుకున్నా తీసేసుకోవచ్చు, కానీ చెప్పి ఇచ్చినందుకు జరిమానా ఉండదు. దాచి దొరికితే వేల డాలర్లు పోతాయి, వీసా కూడా రద్దవ్వచ్చు. పచ్చి కరివేపాకు, పండ్లు, విత్తనాలు అసలు పెట్టొద్దు. అమ్మగారి మాత్రలు వాళ్ళ డబ్బాల్లోనే, ఇంగ్లీషులో రాసిన డాక్టర్ చీటీతో పాటు హ్యాండ్ లగేజీలో పెట్టుకుని, అవి కూడా ఆ కార్డులో రాయమను.