వేసవి చివర్లో నడకదారి పక్కన చూడడానికి ఏమైనా మిగులుతుందా?

నడకదారి పొడవునా ఎండుగడ్డి తప్ప ఏమీ కనిపించడం లేదనీ, పూలూ పురుగులూ చూడాలంటే వానలు పడేదాకా ఆగవలసిందేనా అనీ మీరు అడిగారు. ఆగనక్కరలేదు. చూడడం అలవాటు చేసుకోవడానికి వేసవి చివరిని మించిన కాలం లేదని నా గట్టి నమ్మకం. వానాకాలంలో పచ్చదనం అన్నిటినీ కప్పేస్తుంది; ఇప్పుడైతే పూసిన మొక్కలే తక్కువ కాబట్టి తేనె కోసం వచ్చేవన్నీ వాటి దగ్గరే తేలతాయి.

అయితే నడుస్తూ పోతే ఏమీ కనబడదు. ఎవరూ లెక్కచేయని ఒక జిల్లేడు మొక్కను ఎంచుకొని, పొద్దున్నే దాని పక్కన నిలబడండి. నేను ఒకసారి అలా నిలబడి ఉండగా ఆకు అడుగున నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, ఒంటిమీద మూడు జతల నల్లని కొమ్ములవంటి పోగులతో ఒక గొంగళిపురుగు కనిపించింది. అది తినడం మొదలుపెట్టలేదు. ముందుగా ఆకు మధ్య ఈనెను ఓపికగా కొరికింది. కొరికిన చోట తెల్లని పాలు బొట్టుగా ఉబికి, జారి, కాసేపటికి ఆగిపోయాయి. ఆ తరువాతే అది పాలు అందని కొసవైపుకు పాకి, అంచునుంచి తినసాగింది. అదంతా వంగి చూస్తుంటే అటుగా వచ్చిన ఒక పెద్దాయన, "ఏమండీ, ఏమైనా పడేసుకున్నారా?" అని అడిగారు. లేదని చెప్పి పురుగును చూపించాను. "ఓహో, పురుగా!" అని చేతి గడియారంలో అడుగుల లెక్క చూసుకుంటూ వెళ్లిపోయారు. అడుగుల లెక్క వచ్చాక నడకదారిలో తల దించనివారు లేరు, నేలను చూసేవారూ లేరు.

ఆ గొంగళి ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకది. నారింజ రంగు రెక్కలు, నల్లని కొసల్లో తెల్లని పట్టీ ఉండే ఈ చిలుక తీరిగ్గా, తొందర లేకుండా ఎగురుతుంది, ఎందుకంటే జిల్లేడు విషం దాని ఒంట్లో నిలిచి ఉంటుంది కాబట్టి ఒకసారి రుచి చూసిన పక్షి మళ్లీ దాని జోలికి రాదు. ఈ పరపతిని మరొకటి వాడుకుంటుంది: డానైడ్ ఎగ్‌ఫ్లై అనే ఇంకో సీతాకోకచిలుక జాతిలో ఆడది అచ్చం ఇదే వేషం వేస్తుంది, మగది మాత్రం నల్లని రెక్కలమీద తెల్లని మచ్చలతో తన దారిన తానుంటుంది. అదే జిల్లేడు పూలమీదికి బరువైన నల్లని తుమ్మెదలు వాలతాయి. వాటి కాళ్లకు పుప్పొడి సంచులే తగులుకొని మరో పువ్వుకు చేరతాయి. ఆ మొక్క పాలు కంటికి తగిలితే ప్రమాదం, కాబట్టి ఆకులు తుంపకండి.

చెట్టు నీడన పొడి దుమ్ములో గరాటులాంటి చిన్న గుంటలుంటే అక్కడా ఆగండి. వాటి అడుగున ఒక పురుగు దవడలు మాత్రం బయటపెట్టి చీమ కోసం కాచుకొని ఉంటుంది; జారిన చీమ పైకి ఎగబాకబోతే దానిమీద దుమ్ము ఎగజిమ్ముతుంది. గట్టి వాన ఒక్కటి పడితే ఆ గుంటలు చెరిగిపోతాయి, అందుకే దీనికి ఇదే అదను.

ఇంతకీ అసలు ఇబ్బంది ఎండ కాదు, శుభ్రత. నేను నడిచే దారిలో అంచులనుంచి జిల్లేడు, పల్లేరు, విష్ణుక్రాంత అన్నిటినీ కోత యంత్రంతో నేలమట్టం చేసి, ముద్దపూల కుండీలు వరుసగా పెట్టారు. ముద్దపూలలో చాలావాటికి కేసరాలే రేకులుగా మారిపోతాయి, కాబట్టి పురుగుకు దొరికేది అంతంతమాత్రమే. ఆ కుండీల చుట్టూ ఒక్క తుమ్మెద తిరగడం నేను చూడలేదు. కోసేసినదంతా కలుపు అని కోయించినవాళ్ల వాదన. ఆ కలుపులోనే ప్లెయిన్ టైగర్ గుడ్లు పెడుతుంది, అదీ ఆకు అడుగున, ఒక్కొక్కటిగా. మీ దారిలో ఇంకా యంత్రం తిరగకపోతే ఈ వారమే వెళ్లండి, వెళ్లి ముందు ఆకులు తిప్పి చూడండి.